చూచి రావడమా, వుండిపోవడమా?

మా పెదనాయనగారి కుమారుడు, నాకు అన్న వరస, బడిపంతులుగా పనిచేసి 2017లో విశ్రాంతి పుచ్చుకున్నారు. వేలూరులో సొంత యిల్లు, నెలనెలా పింఛను. ఒక్కతే కూతురు. అమెరికాలో స్థిరపడి ఆ దేశపు పౌరసత్వం కూడా పుచ్చుకున్నది. నిరుడు అన్నగారికి గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో పడ్డప్పుడు ఆ పిల్ల వచ్చి చేరేసరికి మూడో రోజయింది. తిరిగి వెళ్ళిన వారానికే ఫోను: "చిన్నాయనా, అమ్మను నాయనను యిక్కడికే తెచ్చుకుంటాను. కాగితాల సంగతి మీరే చూడాలి."

చుట్టాలలో ఒక గుమాస్తా వుంటే అందరి కాగితాలూ వాడి బల్లమీదికే వస్తాయి గదా. అయితే యీసారి నేను నేర్చుకున్నది కొంత వుంది. మన సభ్యుల యిళ్ళలో చాలామందికి యీ ముచ్చట వచ్చేదే కాబట్టి వ్రాస్తున్నాను.

థాయిలాండు వంటి దేశాలలో యాభై యేళ్ళు నిండి, బ్యాంకులో యెనిమిది లక్షల బాట్లు చూపిన విశ్రాంత వుద్యోగికి అందుకోసమే ఒక వీసా వున్నది. అమెరికాలో అటువంటిది లేదు. తలిదండ్రులకు అక్కడ రెండే వాకిళ్ళు. ఒకటి చూచి రావడానికి, రెండోది వుండిపోవడానికి. మనవాళ్ళు చేసే తప్పులన్నీ మొదటి వాకిట్లో దూరి రెండో గదిలో కూర్చోవాలనుకోవడం వల్ల వచ్చేవే.

చూచి వచ్చే వీసా మనవారికి సాధారణంగా పదేళ్ళకు యిస్తారు. దాన్ని చూచి పదేళ్ళు వుండవచ్చుననుకోకండి. అది పదేళ్ళలో యెన్నిసార్లయినా తలుపు తట్టడానికి అనుమతి మాత్రమే. లోపల యెన్నాళ్ళు వుండాలన్నది విమానం దిగిన చోట అధికారి నిర్ణయిస్తాడు. మామూలుగా ఆరు నెలలు. ఆ గడువు దాటి నూట యెనభై రోజులకు మించి వుండిపోయి బయటకు వస్తే మూడేళ్ళు, యేడాది దాటితే పదేళ్ళు మళ్ళీ రానివ్వరు. పైగా వీసా యిచ్చే ముందు మనం తిరిగి వస్తామని వాళ్ళకు నమ్మకం కలగాలి. యిల్లు, పింఛను, యిక్కడి బంధువులు, యివన్నీ అక్కడ సాక్ష్యాలు.

వూళ్ళో ఒక ఏజంటు అన్నగారితో, "చూడ్డానికని చెప్పి వెళ్ళండి, అక్కడికి పోయాక వుండిపోయే అర్జీ పెట్టుకోవచ్చు" అన్నాడట. వుండిపోవాలనే తలంపు ముందే పెట్టుకుని, చూచి వస్తానని అధికారి యెదుట చెప్పడం అబద్ధమే. అది తేలితే యిక ముందు పెట్టే ప్రతి అర్జీకీ అడ్డం వస్తుంది. ముప్పై యేళ్ళు పిల్లలకు అబద్ధమాడవద్దని చెప్పిన మనిషి కాబట్టి అన్నగారు ఆ ఏజంటుకు కాఫీ యిచ్చి పంపించారు.

రెండో వాకిలి సంగతి. ఇరవై ఒక్క యేళ్ళు నిండిన అమెరికా పౌరులే తలిదండ్రుల కొరకు అర్జీ పెట్టగలరు. గ్రీన్ కార్డు మాత్రమే వున్న పిల్లలకు ఆ హక్కు లేదు. తండ్రికొక అర్జీ, తల్లికొక అర్జీ. పౌరుల తలిదండ్రులకు యేటా యిన్ని వీసాలే అన్న లెక్క లేదు గనుక అన్నదమ్ముల వరసలో వేచివున్నవారివలె యేళ్ళు గడవవు. పోషిస్తానని కూతురు పూచీకత్తు వ్రాసి యివ్వాలి. తన సంసారాన్నీ, రాబోయే తలిదండ్రులనూ కలిపి లెక్కగట్టి, ఆ ప్రభుత్వం నిర్ణయించిన పేదరికపు గీతకు నూటికి నూట యిరవై అయిదు వంతుల ఆదాయం చూపాలి. ఆ పూచీ మాటవరసకు వ్రాసేది కాదు. చట్టప్రకారం కట్టుబడవలసినది.

వదినె అడిగిన మొదటి ప్రశ్న: "ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు యిక్కడ వుండవచ్చునా?" అట్లా వుండాలనుకునేవారికి చూచి వచ్చే వీసాయే మేలు. గ్రీన్ కార్డు అంటే కాపురం అక్కడ అని అర్థం. యేడాదికి పైగా బయట వుండదలచుకుంటే, బయలుదేరకముందే అక్కడ వుండగానే తిరిగివచ్చే అనుమతి కొరకు అర్జీ పెట్టుకోవాలి. తరచు యిక్కడే గడుపుతుంటే కాపురం వదలుకున్నారని ప్రశ్నిస్తారు.

అన్నగారు అడిగినది వైద్యం గురించి. అరవై అయిదు దాటినవారికి అక్కడి ప్రభుత్వపు మెడికేర్ వున్నది నిజమే. కాని అక్కడ పనిచేయని కొత్తవారు దాన్ని రుసుము కట్టి కొనుక్కోవాలన్నా ముందు అయిదేళ్ళు వరసగా కాపురం వుండాలి. అన్నగారికి యిప్పుడు అరవై ఆరు. డెబ్బై ఒకటి వచ్చేదాకా ప్రైవేటు బీమాయే గతి. ఆ బీమా ఖర్చు కూతురు ముందే లెక్క వేసుకోవాలని నేను గట్టిగా చెప్పాను. యిక పింఛను యెక్కడికీ పోదు. యేటా బ్రతికివున్నట్టు రుజువు పంపాలి, బ్యాంకు ఖాతాను విదేశవాసుల ఖాతాగా మార్పించాలి, అంతే.

యివన్నీ విన్నాక భార్యాభర్తలు వారం రోజులు ఆలోచించి, వెళ్ళడానికే నిశ్చయించారు. అసలు చిక్కు ఆ తరువాత మొదలైంది.

మన పేర్లు! అన్నగారి బడి కాగితాలలో యింటిపేరుకు ఒక అక్షరం, తండ్రి పేరుకు ఒక అక్షరం, ఆపైన తన పేరు. పింఛను పుస్తకంలో అరవ దేశపు వాడుక ప్రకారం తండ్రి పేరు అక్షరం ఒక్కటే. మొదటిసారి పాస్‌పోర్టు అర్జీ నింపినది నేనే. యింటిపేరు గడి ఖాళీగా వదిలేశాను, నా తెలివి! అట్లా వదిలితే అమెరికా వీసా మీద వున్న పేరంతా యింటిపేరు గడిలోకి పోయి, సొంత పేరు గడిలో ఎఫ్.ఎన్.యు. అని పడుతుంది. సొంత పేరు తెలియదు అని దాని అర్థం. పాస్‌పోర్టును మళ్ళీ చేయించవలసి వచ్చింది. షోలాపూరులోని మనవారు తన పేరు, తండ్రి పేరు, చివర యింటిపేరు అని మరాఠీ వరసలో వ్రాసుకుంటారు గనుక యీ బాధ వారికి తక్కువ.

వదినె పుట్టుక కాగితం అంతకంటె కష్టం. ఆమె చిత్తూరు దగ్గర పల్లెలో, యింట్లో పుట్టింది. జనన మరణాల నమోదు చట్టం వచ్చినదే 1969లో. యానాం వంటి చోట్ల ఫ్రెంచివారి కాలపు పుస్తకాలలో వెదకవచ్చునేమో గాని, మన పల్లెలో వ్రాసినవారెవరు? బడి పుస్తకంలో 1964 జూన్ 1. రేషన్ కార్డులో 1961. పుట్టుక నమోదు కాలేదని ఆ వూరి అధికారి దగ్గర సర్టిఫికెట్టు తీసుకుని, బడి కాగితం జతచేసి, ఆమె కంటె పెద్దవారైన దగ్గరి బంధువు ప్రమాణపత్రం పెట్టాలి.

అటువంటి బంధువు ప్రాణాలతో ఒక్కరే వున్నారు. వదినె మేనమామ, యెనభై మూడేళ్ళవారు. పత్రం టైపు చేయించుకుని నేనూ వదినే వెళ్ళాము. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, నా చేత చదివించుకుని, కాగితం పక్కన పెట్టేశారు.

"జూన్ ఒకటి అని యెవరు చెప్పారు? నెహ్రూగారు పోయిన మూడోనాడు పుట్టింది యిది. మంత్రసానిని పిలుచుకొచ్చినవాణ్ణి నేను. రేడియోలో ఆ వార్త విని వూళ్ళో అంతా దిగులుగా వుండగా పుట్టింది."

నెహ్రూగారు పోయినది 1964 మే 27. అంటే మే 29. బడిలో వేసిన పంతులు బడి తెరిచే తేదీ వేసేశాడు కాబోలు. "మామా, మూడు రోజుల తేడాయే గదా, పెట్టెయ్యి సంతకం" అన్నది వదినె. "చూసింది చూసినట్టు వ్రాస్తే పెడతానమ్మా, లేకపోతే పెట్టను" అన్నారు ఆయన.

ఆయన మాటే సరి. ప్రమాణపత్రంలో ఆయన కన్నది కన్నట్టు వ్రాయించాము. బడిలో జూన్ 1 అని నమోదైనదనీ, పాస్‌పోర్టు ఆ ప్రకారమే వున్నదనీ, మనిషి ఒక్కరేననీ ఆ కింద మరో వాక్యం చేర్చాము. మళ్ళీ టైపు, మళ్ళీ నోటరీ, మళ్ళీ బస్సు. ఆయన తెలుగులో సంతకం చేశారు. ప్రతి అక్షరం ఆగి ఆగి వ్రాశారు.

కూతురి పుట్టుక సర్టిఫికెట్టులో తల్లి పేరు యింట్లో పిలిచే ముద్దుపేరుగా పడివున్నది. దాన్ని సరిచేయించడానికి వచ్చే సోమవారం పురపాలక కార్యాలయానికి వెళ్ళాలి.