లారీ కప్పుకు ఒక గవాక్షం

మెదక్ జిల్లాలో శంకరంపేటలు రెండున్నాయి. నేను చెప్పబోయేది సంగారెడ్డి నుంచి నాందేడ్, అకోలా దిక్కుగా పోయే 161వ నంబరు జాతీయ రహదారి దగ్గరి పెద్దశంకరంపేట సంగతి. వేసవి మధ్యాహ్నం ఆ రోడ్డు పక్కన ఒక గంటసేపు నిలబడి చూడండి. ఎక్కడ వేపచెట్టు కనబడితే అక్కడ ఒక లారీ ఆగి ఉంటుంది. ఆ లారీ కింద, వెనుక చక్రాల నడుమ, ఒక పట్టా పరచుకొని ఒక మనిషి నిద్రపోతూ ఉంటాడు. పైన క్యాబిన్‌లో సీటు వెనుక పడక ఉంది. దాని మీద పరుపూ ఉంది. అన్నీ ఉండగా ఈ మనిషి చక్రాల మధ్య ఎందుకు పడుకున్నట్టు?

పోయిన మే నెలలో ఈ ప్రశ్నే ఒక డ్రైవరన్నను అడిగాను. ఆయన నవ్వి, "తమ్మీ, జర ఎక్కి కూసో, నీకే ఎరుకైతది" అన్నాడు. ఎక్కాను. రెండు నిమిషాలు కూర్చోలేకపోయాను. నెత్తి మీది రేకు పెనంలా కాలుతోంది. కింద ఇంజను వేడి ఇంకా చల్లారలేదు. రెండు అద్దాలూ దించే ఉన్నాయి గాని ఆకు కదలడం లేదు. "గిట్ల ఉంటది. పగలు చెట్టు కింద పంటం, రాత్రి లోపల పంటం. రాత్రి అద్దాలు దించితే దోమలు, దొంగలు. ఎక్కిస్తే ఉడుకు. ఏ తీరుగ పండాలె చెప్పు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. దిగి వచ్చిన తర్వాత ఆలోచిస్తే, జవాబు మన పాఠ్యపుస్తకాల్లోనే ఉందని తోచింది. ఈ వ్యాసం ఆ జవాబును గురించే.

అమెరికా, ఐరోపా దేశాల్లో సెలవులు వస్తే కొందరు వ్యాన్లలో ఊళ్ళు తిరుగుతారు. ఆ వ్యానే వాళ్ళకు ఇల్లు: పడక, పొయ్యి, నీళ్ళ ట్యాంకు అన్నీ అందులోనే. అట్లాంటి వ్యాను కొన్నవాడు మొట్టమొదట చేసే పనుల్లో ఒకటి కప్పుకు 14 అంగుళాల చదరపు రంధ్రం కోసి, గాలిని బయటికి తోడే ఫ్యాను బిగించడం. షికారుకు పోయేవాళ్ళు పది రాత్రుల సుఖం కోసం ఆ ఏర్పాటు చేసుకుంటున్నారు. మన దగ్గర చక్రాల ఇంట్లో కాపురం చేసేవాడు లారీ డ్రైవరు. నెలలో సగానికి పైగా రాత్రులు అతనికి క్యాబినే పడకగది. అతని కప్పుకు మాత్రం ఒక్క రంధ్రం లేదు.

చక్రాల ఇల్లు మన తెలుగువారికి కొత్త కాదు. సినిమా తారలకు షూటింగు దగ్గర చల్లని కారవాన్లు ఉన్నాయి. 1982లో ఎన్.టి. రామారావుగారు పాత షెవర్లే వ్యానును చైతన్య రథంగా మార్పించుకొని, దాని కప్పునే వేదిక చేసుకొని రాష్ట్రమంతా తిరిగిన సంగతి మన పెద్దలకు గుర్తే. వ్యాను కప్పును ఉపన్యాస వేదికగా మలచగలిగిన పనివాళ్ళున్న దేశంలో, లారీ కప్పులో మూరెడు లేని సందు పెట్టడం ఒక లెక్కా?

ఇందులో ఉన్న శాస్త్రం హైస్కూలు స్థాయిది. వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది. పైన దారి లేక కప్పు కిందే గుమికూడుతుంది. పడుకున్నవాడి ఒంటి వేడీ, చెమట తేమా దానికి తోడవుతాయి. డ్యాష్‌బోర్డు మీద తిరిగే చిన్న ఫ్యాను ఆ ఉడుకు గాలినే తిప్పి తిప్పి మొహాన కొడుతుంది. కప్పు మీది ఫ్యాను అట్లా కాదు, వేడి ఎక్కడుందో అక్కడినుంచే దాన్ని బయటికి లాగేస్తుంది. ఆ ఖాళీలోకి, ఒక అద్దం రెండు వేళ్ళ సందు దించి దోమల జాలీ కట్టి ఉంచితే, బయటి చల్లగాలి వస్తుంది. గాలి పోయే దారి ఒక్కటే ఉండి, వచ్చే దారి లేకపోతే ఫ్యాను ఊరికే మూలుగుతుంది. ఈ చిన్న సూత్రం మరచినవాళ్ళే "ఫ్యాను పెట్టినా లాభం లేదు" అంటారు.

లెక్క చూద్దాం. క్యాబిన్ అటూ ఇటూ రెండేసి మీటర్లు, ఎత్తు మీటరున్నర అనుకుంటే లోపల ఉండే గాలి 6 ఘనపు మీటర్లు. నిమిషానికి అంత గాలిని తోడే ఫ్యాను ఉంటే నిమిషానికొకసారి లోపలి గాలంతా మారినట్టే. దానికి 24 వాట్లు అవుతాయనుకుందాం. రాత్రి ఎనిమిది గంటలకు 192 వాట్-అవర్లు. పెద్ద లారీల్లో రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులు కాబట్టి ఖర్చయ్యేది 8 ఆంపియర్-అవర్లు. 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో ఇది నూటికి ఎనిమిది వంతులు. తెల్లారి సెల్ఫు కొడితే బండి హాయిగా స్టార్టవుతుంది.

ఇక్కడ ఒక ప్రశ్న రాక మానదు. "ప్రభుత్వం ఏసీ తప్పనిసరి చేసింది కదా, ఇంకా ఫ్యాను దేనికి?" నిజమే. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యరకం, భారీ సరుకు వాహనాల క్యాబిన్లకు ఏసీ ఉండాలని కేంద్రం 2023 డిసెంబరులో ఉత్తర్వు ఇచ్చింది. మంచి పని, హర్షించవలసిందే. అయితే ఆ తేదీకి ముందు తయారైన లక్షల బండ్ల మాటేమిటి? అవి ఇంకా ఎన్నో ఏళ్ళు ఈ రోడ్ల మీదే తిరుగుతాయి. రెండో సంగతి, బండి ఏసీ ఇంజనుతో నడుస్తుంది. నిద్రపోయే వేళ ఇంజను ఆపితే అదీ ఆగుతుంది. రాత్రంతా ఇంజను నడిపితే డీజిలు ఎవరి లెక్కలో రాస్తారు? ఓనరు ఒప్పుకుంటాడా? పైగా ఆగిన బండి ఇంజను పొగ ప్రాణం మీదికి తెస్తుంది. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో, రోడ్డు పక్కన ఆపిన ఒక కారవాన్‌లో నిద్రించిన ఇద్దరు జనరేటరు నుంచి లోపలికి చేరిన కార్బన్ మోనాక్సైడ్ వల్ల మరణించారు. రంగూ వాసనా లేని విషం అది. అందుకే కప్పు ఫ్యాను పెట్టినా జాగ్రత్త తప్పదు. పొగగొట్టం ఉన్న దిక్కు అద్దం తెరవరాదు. తెరిస్తే ఆ పొగనే ఫ్యాను లోపలికి లాగుతుంది. క్యాబిన్‌లో స్టవ్వు వెలిగించే అలవాటు ఉంటే మానాలి.

ఫ్యాను చేయలేనిది కూడా చెప్పాలి. బయట 43 డిగ్రీలుంటే లోపల అంతకు తగ్గించలేదు. అది ఏసీ కాదు. పగటిపూట చెట్టు నీడ చెట్టు నీడే. కాని పొద్దుగూకిన తర్వాత బయట చల్లబడుతున్నా రేకు పెట్టెలో వేడి దిగదు చూడండి, అక్కడ దీని అవసరం. డ్రైవరు నిద్ర అక్కడే పాడవుతుంది.

"కప్పు కోస్తే వాన కారుతుంది" అనేది మేస్త్రీల భయం. భయానికి కారణముంది, ఉపాయమూ ఉంది. కప్పు లోపలి అడ్డ బద్దలను తాకకుండా వాటి మధ్య చోటు చూసుకోవాలి. నాలుగు మూలలా ముందు డ్రిల్లుతో గుర్తు రంధ్రాలు వేసి, ఆ తర్వాతే రంపం పెట్టాలి. కోసిన అంచును ఆకురాయితో నునుపు చేసి, తుప్పు పట్టకుండా ప్రైమరు పూయాలి. చట్రం కింద సీలెంటు పట్టీ పరచి, మరలు సమంగా బిగించి, మర తలల మీద కూడా సీలెంటు పూయాలి. తీగకు బ్యాటరీ దగ్గరే ఫ్యూజు వేయాలి. తీగ రేకులోంచి దూరే చోట రబ్బరు వాషరు తప్పదు. లేకుంటే రేకు అంచు తీగను కోసి మంట లేపుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో బాడీలు కట్టే పనివాళ్ళకు ఇది ఒక పూట పని.

అసలు చిక్కు చట్టంతో. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషనైన బండిని తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా ఇష్టం వచ్చినట్టు మార్చరాదు. భద్రత కోసం అట్లా ఉండవలసిందే. కాబట్టి డ్రైవర్లను రంపం పట్టుకోమని నేననడం లేదు. నేను కోరేది ఇది: తయారీదారులు ఏసీతో పాటు కప్పు ఫ్యానును కూడా క్యాబిన్‌లో భాగంగా ఇవ్వాలి. పాత బండ్లకు ఒక ఆమోదిత నమూనా నిర్ణయించి, దాన్ని బిగించుకోవడానికి రవాణా శాఖ సులువుగా అనుమతించాలి. ఓనర్లు బండికి కుచ్చులూ బొమ్మలూ సంగీతపు హారన్లూ పెట్టించడానికి వెనుకాడరు. వాటిలో కొంత మిగిల్చినా చాలు.

రాత్రి మకాం చేసే చోట విశ్రాంతి గది ఉండాలని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే యజమానులకు చెప్పింది. తర్వాత ఆ చట్టాన్ని 2020 కార్మిక కోడ్‌లో కలిపారు. కాగితం మీద గది ఎప్పటినుంచో ఉంది. రోడ్డు మీద మాత్రం చక్రాల మధ్య పట్టా ఉంది. నిద్ర లేని కళ్ళతో తెల్లవారుజామున బయల్దేరిన లారీకి ఎదురుగా వచ్చేది మన ఊరి బస్సో, మన అన్న మోటారు సైకిలో అవుతుంది. ఇది ఒక్క డ్రైవరు సుఖానికి సంబంధించిన విషయం అనుకోవడం పొరపాటు.

విద్యార్థి మిత్రులారా! ప్రతి ఏడూ మనలో ఎందరో ప్రాజెక్టు పేరిట ఎవరికీ పనికిరాని యంత్రాల నమూనాలు చేసి, మార్కులు పడగానే మూల పడేస్తాం. ఈ ఏడు ఒక్క బృందం ఒక పాత లారీ క్యాబిన్ సంపాదించి, కప్పుకు ఫ్యాను బిగించి, లోపలా బయటా థర్మామీటర్లు పెట్టి, ఎండాకాలం రాత్రుల్లో గంటగంటకూ లెక్క రాయరాదా? అధ్యాపకులు మార్గం చూపరాదా? చదువుకొని రవాణా శాఖలోనో, మోటారు కంపెనీలోనో ఉన్న మన పూర్వవిద్యార్థులు ఆ లెక్కలు తీసుకుపోయి పై అధికారుల బల్ల మీద పెట్టరాదా?

ఆ డ్రైవరన్న మళ్ళీ ఎప్పుడైనా మా శంకరంపేట వేపచెట్టు కింద కనబడితే, "ఏ తీరుగ పండాలె చెప్పు?" అన్న ఆయన మాటకు వట్టి చేతులతో నిలబడకూడదని నా కోరిక.