పెరటి కోళ్ల తెగులు ఒక యింటి గుట్టు కాదు

మన పల్లెలలో నాలుగు కోళ్లు లేని పెరడు అరుదు. గంప క్రింద కమ్మిన పెట్ట, దాని వెంట తిరుగు పిల్లలు, గోడ మీది కెక్కి కూయు పుంజు బీద కుటుంబమునకు పొదుపు సొమ్ము వంటివి. బిడ్డకు జ్వరము వచ్చినను, బడి పుస్తకములు కొనవలసినను, చుట్టము గడప త్రొక్కినను ఆ కోళ్లే ఆదుకొనును. ఆ సొమ్ము చాలవరకు ఇల్లాలి చేతిది. కావున కోళ్లకు తెగులు తగిలిన నాడు మొదట నష్టపోవునది ఆమెయే.

ఆ నాడు జరుగునది అందరికిని తెలిసినదే. ఉదయమున గంప యెత్తగా ఒక పెట్ట చచ్చి పడియుండును. మరి రెండు రెక్కలు వ్రేలవేసి కునుకుచుండును. చచ్చినదానిని దిబ్బ మీదనో, కాలువలోనో పారవేయుదురు. కునుకుచున్న వానిని కోసి కూర వండుదురు. బాగుగ నున్నవి సైతము పోవునను భయముచే వానిని వారపు సంతకు గొనిపోయి, వచ్చిన ధరకు అమ్మివేయుదురు. కొన్నవారు వానిని తమ తమ గ్రామములకు తీసికొనిపోవుదురు. కొలది దినములకే ఆ గ్రామములలోను గంపల క్రింద కోళ్లు చచ్చుట మొదలగును. తెగులునకు కాళ్లు లేవు. దానికి కాళ్లిచ్చునది ఈ అమ్మకమే.

“తరతరములుగా ఇట్లే తినుచుంటిమి, ఎవరికేమైనది?” అని పెద్దలు ప్రశ్నింతురు. ఈ మాటలో కొంత సత్యము లేకపోలేదు. పెరటి కోళ్లను మూకుమ్మడిగా చంపునది సాధారణముగా కొక్కెర తెగులు. 1926లో జావా ద్వీపమునందును, ఇంగ్లండులోని న్యూకాజిల్ వద్దను దీనిని గుర్తించిరి. పిమ్మట కుమావూను కొండలలోని రాణిఖేత్ నందు కనిపించుటచే మన దేశమున దీనికి రాణిఖేత్ వ్యాధి యను పేరు స్థిరపడినది. ఆకుపచ్చని పారుడు, నోరు తెరచి రొప్పుట, మెడ మెలి తిరుగుట దీని లక్షణములు. టీకా లేని గుంపులో తీవ్రముగా ప్రవేశించినచో ఒక్క కోడియు మిగులకపోవచ్చును. అయినను మనుష్యులకు దీనివలన కన్నులు ఎఱ్ఱబడుట వంటి స్వల్ప బాధయే కలుగును. పెద్దల ధైర్యమునకు ఇదియే ఆధారము.

ఆ ధైర్యము నేటి కాలమునకు చాలదు. 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్ ప్రాంతమున బర్డ్ ఫ్లూ మన దేశమున మొదటిసారి బయటపడినది. 2025 తొలి నెలలలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ల ఫారములలో అది వ్యాపించినది. ఆ సంవత్సరమే ఆంధ్రప్రదేశ్‌లో ఒక పసిబిడ్డ ఈ వ్యాధి సోకి మరణించినది. ఇది మనుష్యులకు అరుదుగనే సోకును. సోకినచో ప్రాణములకే ముప్పు రావచ్చును. దీనిచేతను కోళ్లు రొప్పును, కునుకును, హఠాత్తుగ చచ్చును. తలమీది జుట్టు నీలముగా మారుట వంటి గుర్తులున్నను, కంటితో చూచి ఈ రెండు వ్యాధులను నిశ్చయముగ వేరుపరచుట వైద్యునికైనను సాధ్యము కాదు. ప్రయోగశాల పరీక్షయే దానిని తేల్చవలెను. కావున తాతల అనుభవము కొక్కెర తెగులు విషయమున నిజమే యైనను, గంప క్రింది కోడి ఏ తెగులుతో చచ్చినదో తెలియనపుడు దానిని నమ్మి కత్తి పట్టరాదు. బాగుగ ఉడికిన కూరలో కంటె ఈకలు పెరుకుటలోను, పేగులు తీయుటలోను ప్రమాదము హెచ్చు.

అట్టి సమయమున చేయవలసినది కష్టమైన పని కాదు. జబ్బు కోళ్లను వేరుగా నుంచి, మిగిలినవానిని పెరడు దాటనీయరాదు. ఒక్కదానినైనను అమ్మరాదు, కోయరాదు, చుట్టములకు ఈయరాదు. వెంటనే పంచాయతీకిని, పశువైద్యశాలకును తెలుపవలెను. 1962 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. వైద్యుడు పరీక్షకు నమూనా తీసికొనిన పిమ్మట, ముక్కునకు నోటికి గుడ్డ కట్టుకొని, చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడిగికొని, చచ్చినవానిని బావులకు దూరముగా, కుక్కలు త్రవ్వలేనంత లోతైన గోతిలో సున్నము చల్లి పూడ్చవలెను. పిల్లలను దరికి రానీయరాదు. పని ముగియగనే సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. ఆ యింట ఎవరికైన జ్వరమో, దగ్గో వచ్చినచో డాక్టరునకు కోళ్ల సంగతి తప్పక చెప్పవలెను.

అంటువ్యాధి యను అనుమానము కలిగినపుడు తెలియజేయుట యజమాని విధియని 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టము చెప్పుచున్నది. అయితే ఇల్లాలికి విధిని బోధించి ఊరకుండుట న్యాయము కాదు. ఆమె దాచుట దుర్బుద్ధిచేత కాదు. చెప్పినచో ఉన్న కోళ్లను కూడ చంపివేయుదురను భయముచేత. బర్డ్ ఫ్లూ నిర్ధారణమైనచోట చంపివేసిన కోళ్లకు ప్రభుత్వము పరిహారమిచ్చును. ఆ సొమ్ము పెద్ద ఫారమునకు ఎంత నిశ్చయముగ చేరునో, ఐదు కోళ్ల పెరటికిని అంత నిశ్చయముగ, ఆలస్యము లేకుండ చేరవలెను. చెప్పినవారు నష్టపోయి, దాచినవారు గట్టెక్కు ఊరిలో నిజము చెప్పువారు మిగులరు.

టీకా విషయమునను ఇంతే. కొక్కెర తెగులునకు మందు లేదు, టీకా కలదు. మొదటి వారమున పిల్లలకు లాసోటా చుక్కను కంటిలోనో ముక్కులోనో వేయుదురు. ఎనిమిదవ వారమున ఆర్.టు.బి. సూది వేయుదురు. కాని ఒక సీసాలోని మందు సాధారణముగ నూరు కోళ్లకో, అంతకు మించియో సరిపడును. కలిపిన పిమ్మట రెండు గంటలలో వాడవలెను. ఐదు కోళ్లున్న ఆమె ఒంటరిగ ఏమి చేయగలదు? మహిళా సంఘము ఒక దినమును నిర్ణయించి, మంచులో పెట్టిన సీసాను తెప్పించి, తెల్లవారకముందే, కోళ్లు గంపలలో నుండగనే, ఇంటింటను టీకా వేయించిన సీసా వృథా కాదు, ఊరిలో ఒక్క పెరడును విడువబడదు.

పెరడు ఒకరిదే కావచ్చును. తెగులు ఆ దడి వద్ద ఆగదు. మొదటి కోడి చచ్చిన నాడే చెప్పిన ఇల్లాలు ఊరికి మేలు చేసినది. ఆమెకు నష్టము రాకుండ చూచుట ఊరి వంతు, ప్రభుత్వము వంతు.