ఇంటిపేరు లేని కథ

ప్రతిలిపి అను అంతర్జాల కథావేదికలో కలంపేరు చాటున వెలువడిన సీమకథ క్రింద "తరువాతి భాగమెప్పుడు?" అని పాఠకులు తొందరపెట్టుట చూచియు, అజ్ఞాతము పిరికివారి ఆశ్రయమని ఈసడించు పెద్దలతో నేనేకీభవింపజాలను, ఏలనన, ఇంటిపేరు విన్నంతనే ఊరును, ఊరు తెలిసినంతనే వర్గమును ఊహించు మా కడప, కర్నూలు ప్రాంతములలో, పేరు మరుగుపడినచో రచయితకంటె ముందుగా పాఠకునికే స్వేచ్ఛ లభించును. మొగమాటమునకు మెచ్చుకొను బంధువుగాని, పగకొలది పెదవి విరుచు ఎదుటివర్గమువాడుగాని అచట లేడు. 1968లో 'సంవేదన' పత్రికను చేపట్టిన మా కడప జిల్లా రాచమల్లు రామచంద్రారెడ్డి (రా.రా.) బాహాటముగా తన పేరుతోనే నిశితముగా విమర్శించెను, కాని అందఱికిని రా.రా. గుండె యుండదు గదా! ఇక, రేటింగు నక్షత్రముల లెక్కకు మురిసి, మూడవ భాగముననే పాఠకులు కోరిన పెండ్లి జరిపించు రచయితలును కలరు. వారి పక్షమున నా వకాల్తా లేదు.