కారు కొన్నదెవరు?

పాత కార్లు అమ్మేవాళ్ళ నోట తరచు వినిపించే మాట ఒకటుంది: ‘లేడీ డాక్టర్ వాడిన బండి’. ఆడమనిషి ఎక్కువ దూరం తిరగదు, ఇల్లూ ఆస్పత్రీ తప్ప ఆమెకు వేరే దారి లేదు, కాబట్టి బండి కొత్తదానిలాగే వుంటుందని అర్థం. మన కదలికల మీద సమాజం పెట్టిన హద్దులు ఇక్కడ బండి ధర పెంచే గుణాలయ్యాయి. దానికి రుజువుగా మీటరు చూపిస్తారు. ఆ మీటరే వెనక్కి తిప్పినదైతే?

మా దగ్గరికి ఇటీవల వచ్చిన ఒక మహిళ కథ ఇదే. భర్త చనిపోయాక పొదుపు సంఘం అప్పు, బంగారం అమ్మిన డబ్బు కలిపి 3 లక్షల 80 వేలకు ఒక డీలరు దగ్గర పాత కారు కొంది. టాక్సీ పర్మిట్ తీసుకుని తనే నడుపుతోంది. కొన్నప్పుడు మీటరు మీద 46 వేల కిలోమీటర్లున్నాయి. నాలుగో నెలలో ఇంజను మరమ్మతుకొచ్చింది. కంపెనీ సర్వీసు సెంటర్లో పాత రికార్డు తీయిస్తే, రెండేళ్ళ కిందటే ఆ బండి లక్షా 12 వేలు తిరిగిందని తేలింది.

డీలరు ఆమెతో మాట్లాడనే లేదు. “మీ అన్నయ్యని పంపించమ్మా” అన్నాడు. నోటీసు ఇస్తే వకీలు ద్వారా రెండు వాదనలు వచ్చాయి. బేరం అన్నతో జరిగింది కాబట్టి ఈమె కొనుగోలుదారు కాదట. బండి కిరాయికి తిప్పుతోంది కాబట్టి వినియోగదారూ కాదట!

మొదటి వాదన నిలవదు. రశీదూ, రిజిస్ట్రేషనూ ఆమె పేరు మీదే వున్నాయి. ఒకవేళ అన్న పేరు మీద వున్నా, కొన్నవారి ఆమోదంతో వస్తువును వాడేవారు కూడా వినియోగదారులేనని 1986 చట్టంలోనూ, దాని స్థానంలో వచ్చిన 2019 చట్టంలోనూ వుంది. మగవాళ్ళు బేరమాడి ఆడవాళ్ళు వాడుకునే వస్తువులు మన ఇళ్ళలో ఎన్నో వున్నాయి కనుక కార్యకర్తలు ఈ నిబంధనను గుర్తుంచుకోవాలి.

రెండోది కాస్త లోతైన విషయం. వ్యాపారం కోసం కొన్న వస్తువుకు ఈ చట్టం వర్తించదు. అయితే స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి మాత్రమే కొన్నది వ్యాపారం కిందికి రాదు. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని వివరిస్తూ, కారు కొని తానే టాక్సీగా నడిపే మనిషి వినియోగదారేననీ, ఒకరిద్దరి సాయం తీసుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదనీ చెప్పింది. కానీ బండిని పూర్తిగా వేరేవాళ్ళ చేత నడిపిస్తే మాత్రం వినియోగదారు కాదంది.

మా దగ్గరికొచ్చిన మహిళకు స్టీరింగ్ పట్టడం వచ్చు కాబట్టి సరిపోయింది. రాని మహిళ మాటేమిటి? డ్రైవర్ని పెట్టుకుని, ఫోన్లు ఎత్తి, లెక్కలు రాసి, కిస్తీ కట్టి, రాత్రి బండి తిరిగొచ్చేదాకా మేలుకుని వుండే మహిళది స్వయం ఉపాధి కాదా? మన దేశంలో ఎంతమంది ఆడపిల్లలకు డ్రైవింగ్ నేర్పించారు గనక? ఇంటి చాకిరీని పనిగా గుర్తించనట్టే ఈ పనినీ గుర్తించడం లేదనిపిస్తుంది నాకు. ఈ విషయాన్ని ఎవరో ఒకరు కోర్టులో గట్టిగా వాదించాల్సి వుంది.

ఇక ఆచరణ సంగతి. మీటరు తిప్పి అమ్మడం వస్తువు నాణ్యత గురించి అబద్ధం చెప్పడమే, చట్టం భాషలో అనుచిత వ్యాపార పద్ధతి. రెండేళ్ళలోపు ఫిర్యాదు చెయ్యాలి. కొన్న ధర 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. మనం వుండే జిల్లాలోనే వెయ్యవచ్చు. వకీలు తప్పనిసరి కాదు. రిజిస్టరైన స్వచ్ఛంద వినియోగదారుల సంఘాలు కూడా బాధితుల తరఫున వెయ్యవచ్చు. డబ్బు వాపసు, నష్టపరిహారం అడగవచ్చు. బండి ఆగిన రోజుల సంపాదన కూడా లెక్కలో చేర్చాలి, మన వాళ్ళు సిగ్గుపడి అది వదిలేస్తారు. సర్వీసు సెంటర్ రికార్డు, బేరం నాటి ఫోన్ సందేశాలు, మీటరు ఫోటో భద్రపరచాలి. సందేశాలు అన్నదమ్ముల ఫోన్లలో వుంటే వెంటనే తీసుకోవాలి. అమ్మినది డీలరు కాక మామూలు వ్యక్తి అయితే ఈ దారి సాధారణంగా పనికిరాదు. 1872 కాంట్రాక్టు చట్టం కింద మోసమని సివిల్ కోర్టుకు వెళ్ళాలి.

ఇంకొకటి. 2022 డిసెంబరులో మోటారు వాహనాల నిబంధనలు సవరించారు. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లు రవాణా శాఖ దగ్గర అధికార పత్రం తీసుకోవాలి. తమ చేతిలో వున్న బండిని బయటికి తీసిన ప్రతిసారీ ఎందుకు తీశారో, ఎవరు నడిపారో, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రిజిస్టరులో రాయాలి. ఆ పత్రం, ఆ రిజిస్టరు దాఖలు చెయ్యమని మేము జిల్లా కమిషన్‌లో దరఖాస్తు వేశాం. డీలరు రెండు వాయిదాలు అడిగాడు. మూడో వాయిదా వచ్చే నెలలో వుంది. ఆమె తన టాక్సీలోనే వస్తానంది.