ఓట్ల తర్వాతే కోతలు
అమెరికా బడ్జెట్ లోటు తగ్గింపునకు ఏర్పాటైన 12 మంది సభ్యుల సూపర్ కమిటీ 2011 నవంబరు 21న చేతులెత్తేసింది. వైఫల్యమే అయినా ఉభయ పార్టీలకూ గిట్టుబాటైన వైఫల్యమిది. పన్నులు పెంచనివ్వలేదని రిపబ్లికన్లు, వృద్ధుల ఆరోగ్య బీమా మెడికేర్‌ను కాపాడామని డెమొక్రాట్లు ఎన్నికల ప్రచారంలో చెప్పుకునే వీలు కలిగింది. కమిటీ విఫలమైతే పదేళ్లలో 1.2 లక్షల కోట్ల డాలర్ల కోత తనంతట తానే అమలు కావాలన్నది షరతు. అది మొదలు కావాల్సింది 2013 జనవరిలో, అంటే అధ్యక్ష ఎన్నిక ముగిశాకే. ఆ గడువు యాదృచ్ఛికమని నమ్మడం కష్టం. కోతలో సగం రక్షణ వ్యయంపై పడుతుందనగానే మినహాయింపు రాగం అప్పుడే మొదలైంది. తాము పెట్టిన షరతును తామే సడలించుకోవడమంటే, ఆ ఏడాది ఆగస్టులో అమెరికా రుణ రేటింగ్ తగ్గించిన స్టాండర్డ్ అండ్ పూర్స్ సంస్థ సంశయాన్ని నిజం చేయడమే. సడలింపును వీటో చేస్తానన్న నాటి అధ్యక్షుడు ఒబామా ఆ మాటపై నిలవడం అవసరమైంది. పన్నులు, వైద్య వ్యయం రెండింటినీ కలిపిన ప్రతిపాదనపై ఎన్నికలకు ముందే కాంగ్రెస్‌లో ఓటింగ్ జరగడమే అప్పటి అవసరం.