ఆటకు అంతు ఉండాలి

సంచికకు ఏదైనా రాయమని మన విద్యార్థి సంఘం మిత్రుడొకరు అడిగితే, సెల్లులో ఆడే ఆటల మీద రాస్తానన్నాను. "అదేం సబ్జెక్టప్పా! నిరుద్యోగం మీదనో, వరకట్నం మీదనో రాయి" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు కూడా అతని చేతిలో ఆట నడుస్తూనే ఉంది. ఇంతగా మన కళ్లెదుట జరిగేదాన్ని గురించి మనం నోరు విప్పి మాట్లాడుకోకపోవడం నాకు వింతగా తోచింది. పెద్దలు తిడతారు, పిల్లలు దాచుకుంటారు. ఈ తిట్టడానికీ ఆ దాచుకోవడానికీ నడుమ ఆలోచన అన్నది ఎక్కడా జరగడం లేదు. మన సంచికలోనైనా జరగాలని ఈ నాలుగు మాటలు.

ధర్మవరంలో పొద్దున రైలెక్కి, పెనుకొండ మీదుగా హిందూపురంలో దిగేలోపల పెట్టెలో ఒకసారి అటూ ఇటూ చూడండి. కిటికీ పక్క సీటు కోసం పోట్లాడే కాలం పోయింది. ఇప్పుడు పోట్లాట ఛార్జింగ్ ప్లగ్గు కోసం. నలుగురు కుర్రాళ్లు తలకాయలు ఒకచోట చేర్చి, ఫోన్లు అడ్డంగా పట్టుకుని, "రేయ్, వెనకాల ఉండాడు చూడు", "నన్ను లేపు మామా, సచ్చిపోతాండా" అని కేకలు వేస్తుంటారు. పక్కన కూర్చున్న అవ్వ "ఎవురికేమైంది నాయనా" అని బెదిరిపోతుంది. పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి ఇంటికి పోయే యువకుడు నిద్రకళ్లతోనే ఒక మ్యాచ్ పూర్తి చేస్తాడు. ఇళ్లలోనూ ఇదే కథ. 2020 లాక్‌డౌన్‌లో లూడో కింగ్ ఆడని ఇల్లు మా వీధిలో లేదు. మన అధ్యాపకుల గదిలో కూడా క్యాండీ క్రష్ ఆడే పెద్దలున్నారని విన్నాను. పేర్లు మాత్రం అడక్కండి. ఇంటర్నల్ మార్కులు ఇంకా రావలసి ఉంది.

కాబట్టి ఇది ఎవరో నలుగురు చెడిపోయిన కుర్రాళ్ల వ్యసనమని తోసిపుచ్చడం కుదరదు. నేనూ ఆడతాను. ఆడేవాడిగానే రాస్తున్నాను.

అసలు ఆట మన సీమకు కొత్తదా? హిందూపురం నుంచి ఒక అరగంట పోతే లేపాక్షి. పదహారో శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో కట్టిన ఆ గుడి చిత్రాలలో శివపార్వతులు పాచికలాడుతున్న చిత్రం ఒకటుంది. ఆదిదంపతులే ఆడినప్పుడు మనం ఆడితే తప్పేమిటి? మన అవ్వలు వామనగుంటలు ఆడారు, అష్టాచెమ్మ ఆడారు. గుడి అరుగుల మీద గీతలు గీసి పులి-మేక ఆడారు. ముక్కోటి ఏకాదశి రాత్రి జాగారానికి పరమపద సోపానపటం పరిచేవారు. పాము మింగినా, నిచ్చెన ఎక్కినా, ఎవరో ఒకరు వైకుంఠం చేరితే ఆట అయిపోయేది. పటం చుట్టి అటక మీద పెట్టేవారు. ఈ చివరి మాటను పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి. నా వ్యాసమంతా దాని మీదే నిలబడి ఉంది.

వీడియో గేమ్ కూడా పుట్టినప్పుడు అంతు ఉన్న ఆటే. 1972లో అమెరికాలో అటారీ కంపెనీ పాంగ్ అనే బంతాటను పెద్ద పెట్టెలో పెట్టి అంగళ్లలోకి దింపింది. నాణెం వేస్తే ఆట, ఓడిపోతే మళ్లీ నాణెం. మన ఊళ్లకు అది చాలా ఆలస్యంగా, టీవీకి తగిలించే క్యాసెట్ల రూపంలో వచ్చింది. మారియో, కాంట్రా ఆడటానికి గంటకింత అని అంగడివానికి చెల్లించిన తరం ఈ సంచిక చదివే పూర్వ విద్యార్థులలో తప్పక ఉంటుంది. గంట కాగానే అంగడాయన వచ్చి "టైమైపాయ, లెయ్‌రా" అని స్విచ్చి కట్టేసేవాడు. ఆయనను ఎంత తిట్టుకున్నా, ఆ స్విచ్చి ఒక మేలు చేసేది. ఆట ముగిసింది, ఇంటికి పోవచ్చు అని చెప్పేది.

2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటాను నీళ్లలా పారించింది. దాని వెనకే పబ్జీ వచ్చింది. ఐర్లండుకు చెందిన బ్రెండన్ గ్రీన్, ఒక జపాను సినిమా ప్రేరణతో అల్లిన ఆట అది. నూరు మంది విమానంలోంచి ఒక దీవిలో దూకుతారు. చివరికి మిగిలినవాడిదే గెలుపు. ఒక మ్యాచ్ అరగంటలో అయిపోతుంది. మరి అరగంట ఆట ఐదు గంటలు ఎట్లా అవుతోంది? ఇక్కడే ఉంది కిటుకు. మ్యాచ్ ముగుస్తుంది గానీ ఆట ముగియదు. రోజూ తెరిస్తే బహుమానం, తెరవకపోతే అది పోతుంది. నెలా రెండు నెలలకు ఒక సీజన్ మారుతుంది. కష్టపడి ఎక్కిన మెట్లు మళ్లీ కిందికి దిగుతాయి. డబ్బులు పెట్టి తెరిచే పెట్టెలో ఈసారి మంచి తుపాకీ రంగు వస్తుందో, పనికిరాని చొక్కా వస్తుందో తెలియదు.

అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు స్కిన్నర్ గత శతాబ్దంలోనే పావురాలతో ఈ రహస్యాన్ని పట్టుకున్నాడు. మీట నొక్కిన ప్రతిసారీ గింజ పడితే పావురం కడుపు నిండాక ఊరుకుంటుంది. ఎన్నిసార్లు నొక్కితే పడుతుందో తెలియకపోతే మాత్రం నొక్కుతూనే ఉంటుంది. మన సెల్లులో పెట్టెలు తెరిచే ఆట ఆ లెక్క మీదనే కట్టినది. తెల్లవార్లూ మేలుకున్న కుర్రవాడిని "నీకు బుద్ధి లేదా" అని తిట్టే ముందు, వాని బుద్ధిని ఓడించడానికి అవతల ఎంతమంది చదువుకున్నవాళ్లు జీతాలు తీసుకుని పని చేస్తున్నారో పెద్దలు ఒక్కసారి తలచుకోవాలి.

నేను ధర్మవరంలో మగ్గం చప్పుడు వింటూ పెరిగినవాణ్ని. మా నాయన మగ్గంలో కూర్చుంటే అంచు, ఒడలు, కొంగు అని ఒక వరుస ఉంటుంది. కొంగు నేసినాక చీర కోస్తారు. పడుగు అయిపోతే మగ్గం ఆగుతుంది. ఎంత పని ఉన్నా ఆ కోత దగ్గర మనిషి లేచి నడుము నిలబెట్టుకుంటాడు, ఒక టీ తాగుతాడు. కొంగు రాని చీరను ఎవరైనా నేస్తూ కూర్చుంటే చూసేవాళ్లు ఏమంటారు? మనం సెల్లులో నేస్తున్నది అట్లాంటి చీరనే.

ఇక డబ్బు ఆటల సంగతి. వీటిని పై ఆటలతో కలిపి మాట్లాడటం అన్యాయం. పేకాటలో రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని 1968లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు మన ఆంధ్రప్రదేశ్‌దే, సికిందరాబాదు క్లబ్బు ఒకదానికి సంబంధించినది. క్లబ్బులో ముఖాముఖి కూర్చుని ఆడే ఆటకు చెప్పిన మాటను సెల్లు రమ్మీ వారు గొడుగులా పట్టుకున్నారు. 2020 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీని, పోకర్‌ను నిషేధించింది. తర్వాత 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ ఒక చట్టం చేసింది. ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న తర్కాన్ని ఆ చట్టం పక్కన పెట్టింది. డబ్బు ఒడ్డి ఆడించే ఆన్‌లైన్ ఆట ఏదైనా నిషిద్ధం. ఆడించేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఈ-స్పోర్ట్స్‌ను, ఊరకే ఆడుకునే ఆటలను మాత్రం ప్రోత్సహించాలన్నది.

ఈ విభజన సరైనదని నా అభిప్రాయం. నాకు తెలిసిన ఒక మిత్రుడు సెమిస్టరు ఫీజు డబ్బులతో రమ్మీ మొదలుపెట్టాడు. పోయినదాన్ని రాబట్టుకోవడానికి లోన్ యాప్‌లో అప్పు చేశాడు. చివరికి వాళ్లమ్మ చెవి కమ్మలు పోయాయి. వాడు సోమరిపోతు కాదు, లెక్కల్లో మనందరికంటే గట్టివాడు. లెక్కలు వచ్చు కాబట్టే గెలుస్తాననుకున్నాడు. పలనాటి వీరులకే కోడిపందెం చేటు తెచ్చినప్పుడు డిగ్రీ కుర్రవాడు ఎంతటివాడు! అయితే చట్టం వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండకూడదు. వాకిలి మూస్తే కిటికీలోంచి వచ్చేవాళ్లు ఉండనే ఉన్నారు.

మరి డబ్బు లేని ఆటలనూ నిషేధిస్తే పోలేదా అంటారు కొందరు. నిషేధాలూ చూశాం. 2020 సెప్టెంబరు 2న పబ్జీని నిషేధించారు. 2021 జులైలో అదే ఆట బీజీఎంఐ పేరుతో వచ్చింది. 2022లో దాన్నీ తీసేశారు. 2023 మేలో మళ్లీ వచ్చింది. ఈసారి పద్దెనిమిదేళ్లు నిండనివారికి రోజుకు మూడు గంటలు, మిగతావారికి ఆరు గంటలు అని హద్దు పెట్టారు. ఆరు గంటలంటే హద్దా అది? దాదాపు ఒక షిఫ్టు డ్యూటీ! ఆ ఆట కంపెనీది కొరియా దేశం. మన పెనుకొండకు కార్ల ఫ్యాక్టరీ తెచ్చిందీ ఆ దేశమే. ఆ కొరియాలోనే పదహారేళ్లలోపు పిల్లలు అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు వరకు ఆన్‌లైన్ ఆటలు ఆడరాదని 2011లో చట్టం తెచ్చారు. ఆ చట్టం కంప్యూటర్ ఆటలను ఆపుతుంటే పిల్లలు సెల్లు ఆటలకు మళ్లారు. చివరికి 2021లో దాన్ని రద్దు చేయాలని వారే నిర్ణయించారు. చైనాలో 2021 నుంచి మైనర్లకు శుక్ర, శని, ఆదివారాల్లోనూ సెలవుల్లోనూ రోజుకు ఒక్క గంటే. అంతటి కాపలా మన ప్రజాస్వామ్యంలో కుదిరేది కాదు. కుదరాలని నేను కోరుకోను కూడా.

ఎందుకంటే ఈ ఆటల్లో మేలు లేకపోలేదు. హాస్టలులో ఎవరితోనూ కలవని కుర్రవాడికి స్క్వాడ్ దొరికింది. హిందీ రాని మనవాళ్లు బీహారు కుర్రాళ్లతో ఆడి ఆడి హిందీ నేర్చుకున్నారు. 2018లో జకార్తా ఆసియా క్రీడలలో ప్రదర్శన పోటీగా పెట్టిన ఈ-స్పోర్ట్స్‌లో మన దేశానికి కాంస్యం వచ్చింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో వాటికి అసలైన పతకాలే ఇచ్చారు. ఇక అమ్మాయిల సంగతి చెప్పాలి. మన తరగతిలోనే బాగా ఆడే చెల్లెళ్లున్నారు. ఆడపిల్ల గొంతు వినబడగానే అవతలివాళ్లు కూసే కూతలకు భయపడి మైకు కట్టేసి ఆడతారు. సిగ్గుపడవలసింది వాళ్లు కాదు, మగపిల్లలం మనం.

జబ్బు అనే మాటను కూడా జాగ్రత్తగా వాడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ రుగ్మతను తన జాబితాలో చేర్చింది. అది 2022 జనవరి నుంచి అమలులో ఉంది. కానీ ఆడేవాళ్లంతా రోగులని ఆ సంస్థ అనలేదు. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కనబడుతున్నా ఆపలేకపోవడం, ఈ మూడూ మామూలుగా ఏడాది పాటు కనబడితేనే ఆ మాట. అట్లాంటి మిత్రుడుంటే ఎగతాళి చేయకండి. టెలీ మానస్ వారి 14416 నంబరుకు ఫోను చేయించండి, డబ్బు ఉచ్చులో మోసపోయినవారైతే 1930కి. ఈ రెండు నంబర్లు మన నోటీసు బోర్డు మీద ఏడాది పొడుగునా ఉండాలి.

ఇక మనం చేయగలిగింది చెబుతాను. ఆట మొదలుపెట్టక ముందే ఎన్ని మ్యాచ్‌లో పక్కవానికి చెప్పండి. ఆ లెక్క కాగానే వాడే అంగడాయనలా "టైమైపాయ, లెయ్‌రా" అనాలి. స్నేహితుల నడుమనైనా పందెం వద్దు. వార్షిక క్రీడోత్సవాలలో కబడ్డీ, చదరంగాలతో పాటు ఒక పూట ఈ-స్పోర్ట్స్ పోటీ పెట్టి, అమ్మాయిలకు సమాన స్థానమిచ్చి, సాయంత్రం ఆరింటికి ముగించాలని మన సంఘాన్ని కోరుతున్నాను. మైదానంలో దీపాలు వేయించండి. ఆడటానికి చోటు లేనివాడు సెల్లులో దీవి వెతుక్కుంటాడు. కంప్యూటర్ విద్యార్థులకు మరొక మాట. 2020లో పుణె యువకులు రాజీ అనే ఆటను మన పురాణాల మీద కట్టి ప్రపంచానికి చూపించారు. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధానియైన పెనుకొండ కోట మన ఎదుటే ఉంది. పులి-మేకకు నియమాలు మన అవ్వలకు తెలుసు. ఆడేవాళ్లుగానే మిగిలిపోకుండా, కట్టేవాళ్లం కావడానికి ఇంతకంటే ఏం కావాలి?

పెద్దలకు ఒకే విన్నపం. ఫోను లాక్కోకండి, పక్కన కూర్చుని ఒక మ్యాచ్ చూడండి, "ఇది ఎప్పుడు అయిపోతుంది నాయనా" అని అడగండి. ఆ ప్రశ్నకు మీ పిల్లవాడి దగ్గర జవాబుంటే భయం లేదు. లేకపోతే, ఇద్దరూ కలిసి దానికొక కొంగు నేయండి.