తిరిగివచ్చిన చిత్రం

చలనచిత్రోత్సవానికి పంపిన చిత్రం ఎంపిక కాకపోతే దాన్ని తీసినవాడు ఏం చేయాలి? మా మెదక్ ప్రాంతంలో సొంత డబ్బుతో, మిత్రుల సాయంతో చిన్న చిత్రాలు తీసే యువకులను చూసినప్పుడల్లా నాకీ ప్రశ్న ఎదురవుతుంది. అప్పుచేసి డాలర్లలో ప్రవేశరుసుము కడతారు. నెలల తరబడి ఎదురుచూస్తారు. చివరికి రెండు వాక్యాల మర్యాదైన నిరాకరణ వస్తుంది. అది చదివి "నాకు కథ చెప్పడం చేతకాదు" అని కెమెరా అటకెక్కించేవారు కొందరు. "మన సినిమా వాళ్లకేం తెలుసు" అని జబ్బలు చరుచుకునేవారు మరికొందరు. ఇరువురూ ఆ ఉత్తరానికి లేని అర్థాన్ని అంటగడుతున్నారని నా అభిప్రాయం.

లెక్క చూడండి. 2024 సన్‌డాన్స్ ఉత్సవానికి వచ్చిన లఘుచిత్రాలు 12,098, ఎంపికైనవి 53. అంటే సుమారు 228 చిత్రాలకు ఒకటి. మిగిలిన పన్నెండువేలూ చెడ్డవని ఎవరనగలరు? పైగా మన యాస, సామెత, ఎత్తిపొడుపు ఉపశీర్షికల జల్లెడలో పడేసరికి పొట్టుతోపాటు గింజా జారిపోతుంది. 1956లో కాన్ ఉత్సవంలో 'పథేర్ పాంచాలీ' ప్రదర్శనకు న్యాయనిర్ణేతల్లో కొందరు రానేలేదు. విమర్శకులు పట్టుబట్టి మళ్లీ వేయించాకనే దానికి 'ఉత్తమ మానవీయ పత్రం' పురస్కారం దక్కింది. సత్యజిత్ రాయ్ అంతటివానికే ఆ గతి పట్టినప్పుడు మనమెంత!

కనుక ఆ ఉత్తరం తీర్పు కాదు. దానినుంచి నేర్చుకోగలిగిందీ స్వల్పమే. మరి కథకుడు ఎదిగేదెక్కడ?

ఇందుకు జవాబు మా జిల్లాలోనే ఉంది. బి. నరసింగరావు గారిది ప్రజ్ఞాపూర్. నాడది మెదక్ జిల్లా, 2016 నుంచి సిద్దిపేట జిల్లా. 1980లో విడుదలైన 'మా భూమి'కి ఆయన నిర్మాతల్లో ఒకరు, దర్శకుడు గౌతమ్ ఘోష్. చిత్రీకరణలో చాలా భాగం మెదక్ జిల్లా మంగళపర్తిలోనే జరిగింది. అందులో తెలంగాణ సాయుధ పోరాటం, కదిలే జనసమూహం. 1983లో తానే దర్శకత్వం వహించి నటించిన 'రంగుల కల'లో ఒక చిత్రకారుడు, అతని అంతర్మథనం. 1988 నాటి 'దాసి'కి వచ్చేసరికి ఒక గడి, అందులో కమలాక్షి అనే ఒక్క స్త్రీ. మాటలు కూడా బహు తక్కువ. దొరతనపు క్రౌర్యాన్ని ఎవరూ ఉపన్యసించరు. ఆమె రోజంతా చేసే చాకిరీలోనే అది కనబడుతుంది. 'దాసి'కి ఐదు జాతీయ పురస్కారాలు వచ్చాయి. అర్చన ఉత్తమ నటి అయ్యారు. నన్ను ఆకట్టుకునేది మాత్రం ఆ ఎనిమిదేళ్ల ప్రయాణం. కథ విస్తీర్ణం తగ్గుతూ లోతు పెరిగింది. తనకు బాగా తెలిసిన నేలమీద నిలబడి, ఒక చిత్రం తర్వాత మరొకటి తీస్తూ వచ్చినందువల్లనే అది సాధ్యమైందని నేను నమ్ముతాను.

ఉత్సవాలు వద్దని నేననను. థియేటరు దొరకని చిన్న చిత్రానికి అవి వాకిలి తెరుస్తాయి. విశాఖలోని కంచరపాలెం వాసులతోనే చాలావరకు నటింపజేసిన 'కేరాఫ్ కంచరపాలెం' 2018లో న్యూయార్క్ భారతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శితమై, అదే ఏడు సెప్టెంబరులో ఇక్కడ విడుదలైంది. అయితే ఆ చిత్రం బలం న్యూయార్కులో పుట్టలేదు, కంచరపాలెం వీధుల్లో పుట్టింది.

అందుకే నా సూచన ఒక్కటే. రుసుము కట్టకముందు, ఎవరి బతుకు తీశారో వారికే చిత్రం చూపించండి. బడి గోడకు తెల్లదుప్పటి కట్టినా చాలు. మనూరి పిల్లవాడు తీశాడని మొహమాటానికి మెచ్చుకుంటారు, నిజమే. ఆ మాటలు వినకండి, ముఖాలు చూడండి. ఎక్కడ నవ్వారు, ఎక్కడ పక్కవారితో ముచ్చట పెట్టారు, ఎక్కడ బీడీకి లేచారు, అన్నీ రాసుకోండి. ఏ న్యాయనిర్ణేతా ఇంత వివరంగా జవాబు రాయడు.

ఆ కాగితం దగ్గర పెట్టుకుని తర్వాతి కథ మొదలుపెట్టినవాడికి నిరాకరణలు ఎన్ని వచ్చినా నష్టంలేదు. మొదలుపెట్టనివాడికి బహుమతి వచ్చినా ప్రయోజనం లేదు.